కుట్టుమిషనుకు పుట్టుమచ్చలు

పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు పుట్టుమచ్చల కోసం ఒళ్లంతా వెతకడం మనందరికీ అనుభవమే. కుడి మోచేతి మీద ఒకటి, మెడ వెనక ఒకటి - రెండు దొరికితే చాలు, వాటిని సర్టిఫికెట్టులోకి ఎక్కించి, ఇక ఈ పిల్ల లోకంలో ఎక్కడ తప్పిపోయినా ఫరవాలేదన్నంత ధీమాగా ఉంటాం. మనిషికైతే రెండు మచ్చలతో సరిపోతుంది. వరండా మూలనో, అటక మీదో పాత దుప్పటి కప్పుకుని కూర్చున్న కుట్టుమిషను సంగతి అలా కాదు. దాని ఒళ్లంతా పుట్టుమచ్చలే. చదవడం తెలిస్తే, ఏ ఊళ్లో పుట్టిందో, రమారమి ఏ ఏడు పుట్టిందో, ఎంత చాకిరీ చేసిందో అన్నీ అదే చెబుతుంది.

పాత నాణేలూ, తపాలా బిళ్లలూ పోగుచేసే వాళ్లలాగే పాత కుట్టుమిషన్లు పోగుచేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. నెంబరు చూసి వయసు చెప్పడం, మొరాయించిన చక్రాన్ని మళ్లీ తిప్పించడం వాళ్లకో సరదా. ఆ సరదా నేర్చుకుంటే మనకీ లాభమే. ఎందుకంటే ఈ యంత్రం చరిత్ర అచ్చంగా ఆడవాళ్ల చరిత్ర. కాకపోతే ఆ చరిత్రలో పేర్లు మాత్రం మగవాళ్లవి.

ముందుగా వంశవృక్షం సంగతి.

కుట్టుమిషను రాకముందు ఒక చొక్కా చేత్తో కుట్టాలంటే సుమారు 14 గంటలు పట్టేది. మిషను మీద అదే చొక్కా గంటా పావులో అయిపోయేదని 1860 ప్రాంతంలో అమెరికాలో లెక్కకట్టారు. ఆ 14 గంటలూ ఎవరివి? కొవ్వొత్తి వెలుగులో కళ్లు పోగొట్టుకుంటూ, డజను చొక్కాలకింత అని కూలికి కుట్టే పేదరాళ్లవి. థామస్ హుడ్ అనే కవి 1843లో లండన్ పత్రిక ‘పంచ్’లో వాళ్లమీద పద్యం రాస్తే దేశమంతా కంటతడి పెట్టింది. కంటతడి పెట్టారే గానీ కూలి పెంచారనుకునేరు!

కుట్టే యంత్రాన్ని మొదట పనిలో పెట్టినవాడు తిమోనియే అనే ఫ్రెంచి దర్జీ. 1830లో పేటెంటు తీసుకుని, పారిస్‌లో సుమారు 80 మిషన్లతో సైనికుల దుస్తులు కుట్టించడం మొదలుపెట్టాడు. తమ పొట్ట కొడుతున్నాడని తోటి దర్జీలు 1831లో గుంపుగా వచ్చి మిషన్లన్నీ విరగ్గొట్టారు. పాపం, తిమోనియే చివరికి పేదరికంలోనే పోయాడు.

తరవాత అమెరికాలో వాల్టర్ హంట్. మనం చీరకి గుచ్చుకునే పిన్నీసు ఉంది చూశారూ, అది 1849లో ఈయన కనిపెట్టిందే. హక్కులు 400 డాలర్లకి అమ్మేసుకున్నాడు! ఈ మహానుభావుడే 1830ల్లో పైన ఒక దారం, కింద ఒక దారం పెట్టి కుట్టే మిషను తయారు చేశాడు. దాంతో వ్యాపారం పెట్టమని కూతురు కారొలీన్‌ని అడిగితే, చేతికుట్టు మీద బతికే ఆడవాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టవుతుందని ఆ పిల్ల ఒప్పుకోలేదంటారు. హంట్ అప్పట్లో పేటెంటూ తీసుకోలేదు. పదిహేనేళ్ల పిల్లకి తట్టిన ఆ సందేహం పెద్ద పెద్ద వ్యాపారస్తులకి తట్టకపోవడం విచిత్రం.

మూడోవాడు ఎలియాస్ హోవ్. ఈయన ఒంట్లో బాగుండక ఇంట్లో ఉంటే, భార్య ఎలిజబెత్ ఇరుగుపొరుగు వాళ్ల బట్టలు కుట్టి సంసారం నెట్టుకొచ్చింది. రాత్రింబవళ్లు ఆమె చేతులు కదిలే తీరు చూసి చూసి హోవ్‌కి మిషను ఆలోచన వచ్చిందని చెబుతారు. 1846 సెప్టెంబరు 10న పేటెంటు వచ్చింది గానీ కొనేవాడు రాలేదు. ఇంగ్లండు వెళ్లాడు, అక్కడా కలిసిరాలేదు. 1849లో ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి ఎలిజబెత్ క్షయతో చావుబతుకుల్లో ఉంది. తరవాత హోవ్ కోర్టుకెక్కి గెలిచి, అమెరికాలో అమ్ముడుపోయే ప్రతి మిషను మీదా వాటా పుచ్చుకుని మహా ధనవంతుడయ్యాడు. ఆ డబ్బు చూడడానికి ఆ ఇల్లాలు లేదు.

నాలుగోవాడి పేరు చెప్పనక్కర్లేదు. సింగర్! ఐజాక్ మెరిట్ సింగర్ వృత్తికి నాటకాలవాడు. 1850లో బోస్టన్‌లో ఒక కార్ఖానాలో బాగుచేతకొచ్చిన మిషను చూసి, ఇలా కాదు, అలా ఉండాలని పదకొండు రోజుల్లో కొత్తది తయారు చేశాడట. నిలువుగా పైకీ కిందికీ ఆడే సూది, గుడ్డని అదిమిపట్టే ఫుట్టు, కాలితో తొక్కే పెడలు - ఇవన్నీ కలిసి మనకి తెలిసిన రూపం వచ్చింది ఇక్కడే. 1851 ఆగస్టు 12న పేటెంటు అయింది.

ఇక్కడొక తమాషా. యంత్రాలంటే పడని గాంధీగారు 1924లో ఒక సంభాషణలో కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక, ఆమె మీది ప్రేమ కొద్దీ సింగర్ ఈ యంత్రం కనిపెట్టాడని ఆయన మెచ్చుకున్నారు. మహాత్ముడి మనసు మంచిది. సింగర్ మహాశయుడి సంగతి వేరు. ఒకరికి తెలియకుండా ఒకరితో కాపురాలు పెట్టి, ఇరవైమందికి పైగా పిల్లల్ని కన్నవాడాయన. ఆ ప్రేమకథ హోవ్‌కి కాస్త అతుకుతుందేమో గానీ, సింగర్‌కి ఎంత గట్టి దారంతో కుట్టినా అతకదు.

ఆ కంపెనీని ఇంటింటికీ చేర్చింది సింగర్ కాదు, అతని భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్. నూరు డాలర్లు పైబడిన మిషను మామూలు సంసారులు ఒక్కసారిగా కొనలేరని గ్రహించి, 1856లో వాయిదాల పద్ధతి పెట్టాడు. ముందు ఐదు డాలర్లు కట్టి మిషను ఇంటికి తీసుకెళ్లు, దానిమీద కుట్టి సంపాదించి మిగతాది తీర్చు. ఈనాడు ఫ్రిజ్జుకీ, ఫోనుకీ మనం కట్టే నెలవారీ వాయిదాలు ఆ తోవలోనివే.

వంశం తెలిసింది కదా, ఇప్పుడు దుప్పటి తీసి పుట్టుమచ్చలు చూద్దాం.

మిషను కుడివైపు నిలువు స్తంభం మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న ఇత్తడి బిళ్ల ఉంటే, దాని మీద అడ్డంగా పెట్టిన సూదులూ, షటిలూ, ఎస్ అక్షరమూ కనిపిస్తే అది సింగర్. బిళ్ల చుట్టూ నీలిరంగు అంచూ, 1851-1951 అన్న అంకెలూ ఉంటే కంపెనీ నూరేళ్ల పండుగ నాటి మిషనన్న మాట. బిళ్ల లేకుండా ఒట్టి బంగారు అక్షరాలే ఉంటే కాస్త అనుమానించాలి. సింగర్ ఆకారాన్ని దించేసిన మిషన్లు ఆ రోజుల్లోనే కొల్లలు.

అసలైన పుట్టుమచ్చ నెంబరు. కుడిచేతి వైపు, అడుగుబల్ల మీద ఇనుములో గుద్ది ఉంటుంది. మురికి పేరుకుని కనిపించకపోతే నూనె గుడ్డతో తుడవండి. ఒట్టి అంకెలే ఉంటే 1900కి ముందుది. ఆ ఏటి నుంచి అంకెల ముందు ఇంగ్లీషు అక్షరం పెట్టడం మొదలైంది. జి అమెరికాలోని ఎలిజబెత్ పట్నం ఫ్యాక్టరీది. ఎఫ్, వై స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌వి. ఎఫ్ రమారమి 1910 నుంచి, వై 1920ల నుంచి 1930ల నడుమ దాకా. ఇఏ, ఇబి లాంటి జంట అక్షరాలు ఆ తరవాతవి. మోడలు నెంబరు పక్కన కె ఉన్నా క్లైడ్‌బ్యాంక్‌దే. అక్కడ ఫ్యాక్టరీ కట్టిన చోటి పేరు కిల్‌బోవీ, దాని మొదటి అక్షరమే ఈ కె. నెంబర్ల పట్టికలు అచ్చయి ఉన్నాయి కనుక సరిచూసుకోవచ్చు. అయితే పట్టికలో ఉండే తేదీ ఆ నెంబర్లు ఫ్యాక్టరీకి కేటాయించిన రోజుది. మిషను పుట్టిననాటికీ, అది మన ఇంట కాపురానికొచ్చిననాటికీ ఏళ్లు గడిచి ఉండొచ్చు.

మూడో మచ్చ కడుపులో ఉంటుంది. ముందున్న రేకు జరిపి చూడండి. బులెట్‌లాగో పడవలాగో పొడుగ్గా ఉన్న షటిలూ, దానిలో పుల్లంత సన్నటి బాబినూ కనిపిస్తే 27, 28 తరహా పాత మోడలు. గుండ్రటి బాబిను పక్కనుంచి కేసుతో సహా ఊడివస్తే 15వ నెంబరు తరహా. మన దేశంలో తయారైన నల్ల మిషన్లు చాలావరకు ఈ 15 అచ్చులోనివే. అందుకే తాతమ్మ కాలం నాటి 15కి కూడా బజారులో దొరికే బాబినూ, సూదీ సరిపోతాయి. పడవ షటిలు మిషనుకైతే ఆ షటిలు పారేసుకోకుండా చూసుకోవడం ముఖ్యం. అది పోతే అంత తేలిగ్గా దొరకదు.

మన ఇళ్లలో సింగర్లు చాలావాటికి పుట్టిల్లు క్లైడ్‌బ్యాంక్ అన్నాను కదా. ఆ పుట్టింటి కబురు కాస్త చెప్పుకోవాలి.

1885లో తెరిచిన ఆ ఫ్యాక్టరీ మీద నాలుగు ముఖాల పెద్ద గడియారం ఉండేది. 1913లో ఆ ఒక్కచోటే పది లక్షలకు పైగా మిషన్లు తయారయ్యాయి. రైలు స్టేషనుకు ఈనాటికీ ‘సింగర్’ అనే పేరు. ఆ ఫ్యాక్టరీలో మిషను పెట్టెలకి పాలిష్ పెట్టేది ఆడవాళ్లు. 1911 మార్చిలో ఆ శాఖలోంచి ముగ్గుర్ని వేరే పనికి మార్చి, వాళ్ల పని కూడా మిగతా పన్నెండు మందినే చేసుకోమన్నారు - జీతం పెంచకుండా. పని పెరిగి జీతం పెరగకపోవడమంటే ఏమిటో ఇల్లాళ్లకి వేరే చెప్పాలా! ఆ పన్నెండు మందీ చేతుల్లో గుడ్డలు కింద పెట్టి బయటికి నడిచారు. రెండు రోజుల్లో వాళ్ల వెనక సుమారు పది వేల మంది బయటికొచ్చారు. మూడు వారాల తరవాత సమ్మె వీగిపోయింది. ముందు నిలబడ్డ నాలుగు వందల మంది దాకా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

గడియారం స్తంభాన్ని 1963లో కూల్చేశారు. 1980లో ఫ్యాక్టరీ మూతబడింది. పాత మిషన్లు పెద్ద సేకరణగా ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. మీ ఇంటి మిషను ఎఫ్ అక్షరం తొలి నెంబర్లలోదయితే, దాని చెక్కమూత మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఆ పన్నెండు మందినీ తలుచుకోండి. ఆ నునుపు అలాంటి చేతులు తెచ్చిందే.

సముద్రం దాటి ఇక్కడికొచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశంలో సింగర్ వ్యాపారం నడిపినాయన నస్సర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ. పరదేశంలో ఇల్లాళ్లకి అమ్మిన మిషను ఇక్కడ ముందుగా చేరింది మగ దర్జీల దగ్గరికి. చీరకి కుట్టక్కర్లేదు, పంచెకి కుట్టక్కర్లేదు. రవికెలూ, పరికిణీలూ, చొక్కాలూ, గౌన్లూ పెరిగాక గానీ మిషను ఇంట్లోకి రాలేదు. 1930ల్లో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ వారు స్వదేశీ మిషను తెచ్చి దానికి ‘ఉషా’ అని పేరు పెట్టారు. స్థాపకుడు తన కూతురి పేరు పెట్టుకున్నాడని చెబుతారు. ఆడవాళ్ల చాకిరీతో నడిచే ఈ యంత్రం మీద ఒక ఆడపిల్ల పేరు ఎక్కడం మనవాళ్ల ఘనతే సుమా! మెరిట్ అన్న మరో పేరు కూడా మనకి బాగా తెలిసిందే. అది మాత్రం సింగర్‌గారి నడిమి పేరు.

స్వతంత్రం వచ్చాక మహిళా మండళ్లలో కుట్టు తరగతులూ, పెళ్లిలో కూతురికి సారెతో పాటు మిషనూ మామూలయ్యాయి. ఏ వంశం కదిపినా అందులో ఒకావిడ ఉంటుంది. ముప్ఫయ్యో ఏట భర్త పోతే, పుట్టింటి వాళ్లు ముఖం చాటేస్తే, అత్తింటి వాళ్లు గది చూపించి తలుపేసుకుంటే, ఒక్క మిషను పెట్టుకుని నలుగురు పిల్లల్ని చదివించిన అత్తయ్యో, పిన్నో, పెద్దమ్మో. ‘‘మిషను కుట్టి పెంచింది’’ - ఆమె గురించి అందరూ చెప్పేది ఈ మూడు మాటలే. ఎన్ని జాకెట్లు కుడితే ఒక ఫీజు కట్టగలిగిందో ఎవరూ లెక్క రాసుకోలేదు.

ఆవిడ పోయిన తరవాత మిషను ఏమవుతోంది? తల పాత ఇనుముకీ, కాళ్లు హోటల్లో బల్లకీ పోతున్నాయి. లేదా, దీనికి లక్షలొస్తాయట అన్న ఆశ పుడుతోంది. 2009లో సౌదీ అరేబియాలో పాత సింగర్ మిషన్లలో ‘ఎర్ర పాదరసం’ ఉంటుందనీ, సెల్‌ఫోను దగ్గర పెడితే తెలిసిపోతుందనీ పుకారు లేచింది. జనం ఎగబడి వేల వేల రియాళ్లు పోసి కొన్నారు. ఎర్ర పాదరసమూ లేదు, పచ్చ పాదరసమూ లేదు. ఉన్నది ఇనుమూ, ఉక్కూ, కాస్త నూనె మడ్డీ. కోట్ల సంఖ్యలో తయారైన సరుకుకి అరుదైన వస్తువు ధర ఎలా వస్తుంది? మీ ఇంటి సింగర్ మిమ్మల్ని లక్షాధికారిణిని చెయ్యదు. కుట్టమంటే మాత్రం ఇంకో యాభై ఏళ్లు కుడుతుంది.

అలా కుట్టాలంటే దానికి కాస్త వైద్యం కావాలి. చక్రం బిగుసుకుపోయిందంటే చాలావరకు తుప్పు కాదు, ఎండిపోయిన నూనె. చేతికందింది కదా అని వంటనూనె పోస్తే అది జిగురై కూర్చుంటుంది. కొబ్బరినూనె పోస్తే చలికాలంలో పేరుకుంటుంది. నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కలు కిరసనాయిలు వేసి - ఈ రోజుల్లో దొరకడం కష్టమే, దొరికితే పొయ్యికి దూరంగా వాడండి - ఒక రాత్రి వదిలేసి, తెల్లారి చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. బలప్రయోగం పనికిరాదు. కదిలాక మడ్డి తుడిచేసి, మిషను నూనె తప్పకుండా వెయ్యాలి. కిరసనాయిలు మురికిని కరిగిస్తుందే గానీ అరుగుదలని ఆపదు. పళ్ల కిందా, షటిలు గూట్లోనూ పేరుకున్న నూగు తియ్యండి. తోలు బెల్టు సాగితే కాస్త కోసి కొక్కెం మళ్లీ తగిలించండి. కొత్త సూది పెట్టండి. సగం రోగాలు వీటితోనే పోతాయి.

ఇక పైపూత. ఆ నలుపు మామూలు పెయింటు కాదు, కొలిమిలో కాల్చి గట్టిపరచిన వార్నీషు. దాని మీది బంగారు లతలూ, ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మలూ నీళ్లలో నానబెట్టి అతికించిన పల్చటి చిత్రాలు, పైన లక్క పూత. స్పిరిటు గానీ, గోళ్లరంగు తుడిచే ద్రావకం గానీ తగిలితే ఆ పూతా బొమ్మా రెండూ పోతాయి. మిషను నూనెలో ముంచిన మెత్తటి గుడ్డే దానికి సబ్బూ, సున్నిపిండీనూ.

ఇదంతా అయ్యాక ఒక ప్రలోభం ఎదురవుతుంది. ‘‘అమ్మా, మళ్లీ నల్లరంగు కొట్టించి కొత్త బొమ్మలు అతికిస్తే ధగధగలాడిపోతుంది’’ అంటారు బాగుచేసేవాళ్లు. ఒప్పుకునే ముందు మిషనుని వెలుతురులో పెట్టి సరిగ్గా చూడండి. బొమ్మలు అంతటా ఒకేలా చెరిగి ఉండవు. స్తంభం వెనక నిగనిగలాడుతూ ఉంటాయి. సూదికి ఇవతల, మన వైపు అంచున మాత్రం బంగారం పూర్తిగా పోయి, నలుపు కూడా పల్చబడి, లోపలి ఇనుము తొంగిచూస్తూ ఉంటుంది. గుడ్డ జరిగే చోటు అది. గుడ్డని నడిపే చెయ్యి ఆనే చోటు అది. పోగుచేసేవాళ్ల లెక్కలో అదొక లోపం, ధర తగ్గించే మచ్చ.

మన లెక్క వేరుగా ఉండాలి. సింగర్ పేరు ఇత్తడి బిళ్ల మీద ఉంది. ఫ్యాక్టరీ పేరు నెంబరులో ఉంది. పెట్టెకి పాలిష్ పెట్టినామె పేరు ఎక్కడా లేదు. ముప్ఫయ్యేళ్లు ఈ బల్ల మీదికి వంగి, దీపం దగ్గరికి జరుపుకుని, పండగ ముందు రాత్రిళ్లు పక్కింటి వాళ్ల పిల్లల గౌన్లు కుట్టినామె పేరూ ఎక్కడా లేదు. ఆమె పెట్టిన సంతకమల్లా ఆ అరిగిపోయిన చోటే. దాని మీద కొత్త రంగు వేస్తే మిషను కొత్తదవుతుంది నిజమే, ఆమె మాత్రం ఇంకోసారి పోతుంది.

అంచేత చక్రం తిరిగేలా చేయించండి, కుట్టు పడేలా చేయించండి, రంగు జోలికి మాత్రం పోకండి. మిషను సొరుగులో తాతల నాటి గుండీలూ, విరిగిన సూదులూ ఉంటాయి కదా, వాటి పక్కన ఒక కాగితం పెట్టండి. అందులో మిషను నెంబరు రాయండి, ఏ ఏటిదో రాయండి. ఆ కింద, దాని మీద ఎవరు కుట్టారో, ఏ ఊళ్లో కుట్టారో, ఆ కుట్టుకూలితో ఎవరెవరు చదువుకున్నారో రాయండి. అడిగితే చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉండగానే రాయండి. నెంబరుకి పట్టికలు ఉన్నాయి, ఎప్పుడైనా వెతుక్కోవచ్చు. పేరుకి పట్టిక లేదు.